చేతికి జుమ్మన్న కెటిల్

"నువ్వే! నువ్వూ, నీకు సరుకు తోలే ఆ కంపెనీ దొంగలూ! చావును పెట్టెల పెట్టి, మీద నవ్వే ఆడపిల్ల బొమ్మ అతికించి అమ్ముతున్నరు. నా కోడలు చెయ్యి పెడితే జుమ్మంటున్నదట దీనికి. సంకల పాలు తాగే పిల్ల ఉన్నది దానికి. ఆ ఇద్దరికి ఏమన్న కావాలె, నీ షట్టర్‌కు నిన్నే కట్టేస్త దశరథం!"

తారాబాయి స్టీలు కెటిల్‌ను కౌంటరు మీద ఠప్పున పెట్టింది. శంషాబాద్ బస్టాండు పక్క సందులో దశరథం ఎలక్ట్రికల్ దుకాణం. ఫ్యాన్లు, బల్బులు, మిక్సీలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. బల్బు మార్చుకోవడానికి వచ్చిన ఇద్దరు మనుషులు బల్బు సంగతి మరిచిపోయి తమాషా చూస్తూ నిలబడ్డారు.

దశరథానికి కోపం రాలేదు. ఇరవై ఊళ్ళ జనంతో వేగినవాడు. కెటిల్‌లో బాటిల్ నీళ్ళు పోశాడు, ప్లగ్గు పెట్టాడు, స్విచ్ వేశాడు, రెండు అరచేతులూ దాని నడుముకు ఆనించాడు.

"ఏదక్కా జుమ్ము? నా పెండ్లినాడు మా ఆమె చెయ్యి పట్టుకుంటే వచ్చింది జుమ్ము. ఇందుల లేదు."

బల్బుల కోసం వచ్చినవాళ్ళు నవ్వారు. తారాబాయి నవ్వలేదు. తనూ చెయ్యి పెట్టి చూసింది. ఏమీ లేదు. ఆమె చేతికి ఇంట్లో కూడా ఏమీ రాదు. అసలు చిక్కంతా అక్కడే. కోడలు మాధవీలత ఒక్కదానికే వస్తుందట ఆ షాకు.

ఇది రెండో కెటిల్. మొదటిది కొడుకు జగదీశ్ ఫోన్లో తెప్పించాడు. దానికీ కోడలు అదే మాట చెప్పింది. ఫోన్లో వచ్చే సరుకంతా ఎవరో వాడి వాపసు చేసిందే అయ్యుంటుందని తారాబాయి దాన్ని తిప్పి పంపించి, కళ్ళముందు డబ్బా విప్పించుకుని దశరథం దగ్గర కొన్నది ఇది. ఇప్పుడు దీనికీ అదే పాట.

"మార్చి ఇయ్యి," అంది.

"మంచిదాన్ని ఎట్ల మార్చాలక్కా?"

"మార్చకుంటే ఈడనే కూసుంట. వచ్చినోళ్ళందరికి చెప్త."

దశరథం నిట్టూర్చి మూడు డబ్బాలు దించాడు. ఒకటి గాజుది. నీళ్ళు మసలడం కనబడుతుందని మురిపెంగా చెప్పాడు. తారాబాయి దాన్ని ముట్టుకోను కూడా లేదు. వాళ్ళింట్లో గాజు గ్లాసే బోనాల నుంచి దసరా దాకా బతకదు. ఇంకొకటి స్టీలుదే, మూతి వెడల్పుగా ఉంది, చెయ్యి పెట్టి తోమొచ్చు. వాళ్ళ కాలనీ బోరు నీళ్ళకు కెటిల్ అడుగున తెల్లటి సున్నం కడుతుంది. చెయ్యి దూరని కెటిల్ కొంటే వారంలో నీళ్ళ రుచే మారిపోతుంది. ఆమె సీలును గోటితో గీకి చూసింది, డబ్బా మూలలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, వైరును చెవి దాకా లాగి పొడవు చూసుకుంది.

"నా మాటిను, ఇది పట్టుకపో," దశరథం మూడోది ముందుకు జరిపాడు. బయటంతా ప్లాస్టిక్ తొడుగు ఉన్న కెటిల్. "దీనికి జుమ్ము ఎన్నటికి రాదు."

"ఎందుకు రాదు?"

"ప్లాస్టిక్ గదక్కా."

తారాబాయి కళ్ళు చిన్నవయ్యాయి. "అంటే స్టీలుదానికి వస్తదని నీకు ఎరికేనన్నట్టు."

"నేను గట్లన్ననా? మీ కాలనీ నుంచి వచ్చేటోళ్ళందరు గిదే అడిగి మరీ పట్టుకపోతున్నరు, గందుకే చెప్పిన."

"మా కాలనీ వాళ్ళా? ఎవరెవరు?"

దశరథం నాలుక కరుచుకున్నట్టు ఆగాడు. తర్వాత బల్బు మనిషి వైపు తిరిగి, "నీకేం కావాలన్నా?" అన్నాడు, వాడిని అప్పుడే చూసినట్టు. ఎంత గుచ్చి అడిగినా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అమ్మేవాడు ఏది ముందుకు జరిపితే అది తీసుకోకూడదని తారాబాయి పద్ధతి. స్టీలుదే తీసుకుని బయటపడింది.

ఆటోలో కొత్వాల్‌గూడ దారి పట్టాక కూడా ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. కాలనీ వాళ్ళందరూ ప్లాస్టిక్‌దే ఎందుకు కొంటున్నట్టు? కమీషన్ ఏదన్నా ఉందా? లేక తన కోడలే ఊరంతా ఈ షాకు కథ చెప్పి తిరుగుతున్నదా?

గగనవిహార్ కాలనీ ఒకప్పుడు తారాబాయి వాళ్ళ జొన్నచేను, ఆ చుట్టూ మరికొందరి చేలు. బిల్డర్ దుర్గేష్ వచ్చి భూమి ఇవ్వండి, ఇల్లు కట్టి ఇస్తానన్నాడు. ఆమె భర్త రాములు ఇచ్చాడు. పెద్ద గేటు, వరసగా ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ రెండు పూల కుండీలు. మిగతావి కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ ఉద్యోగస్థులు కొనుక్కున్నారు. కాలనీ వెనక మిగిలిన చేలల్లో దుర్గేష్ జేసీబీ ఇప్పుడు కొత్త ప్లాట్లకు చదును చేస్తోంది. నెత్తి మీద విమానం పోయేటప్పుడు మాట్లాడేవాళ్ళు మాట ఆపుతారు, అది దాటాక ఆపినచోట అందుకుంటారు.

ఆ ఇంట్లో వంటిల్లు చల్లారేది లేదు. జగదీశ్‌కు ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టు డ్యూటీ, ఇవాళ పొద్దున అయితే రేపు సాయంత్రం. పైన కిరాయికున్న ఎయిర్‌పోర్టు ఆడపిల్లలు ఫ్లాస్కులు పట్టుకుని వేణ్ణీళ్ళకు దిగుతారు. రాములుకు చాయ్ మీద చాయ్ కావాలి. పసిపిల్ల పూర్ణిమకు సీసా కడగాలి. స్టవ్ మీద అన్నమూ కూరా దిగకముందే నాలుగుసార్లు నీళ్ళు మరగాలి. కెటిల్ లేని రోజు ఆ ఇల్లు మొత్తం ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంది.

కొత్త కెటిల్ పెట్టగానే తారాబాయి కోడల్ని పిలిచింది. "రా. పట్టు. ఇప్పుడు చెప్పు."

మాధవీలత వేళ్ళ చివర్లు ఆనించి చప్పున తీసేసింది. "వచ్చింది అత్తమ్మా."

తారాబాయి అరచెయ్యి మొత్తం వేసి పట్టుకుంది. "నాకెందుకు వస్తలేదు మరి?"

"నాకేం తెల్వది."

డ్యూటీకి బయల్దేరిన జగదీశ్ బూట్లతోనే గడప మీద నుంచి వంగి చెయ్యి చాపి కెటిల్‌ను తట్టాడు. "ఏం లేదే."

"స్విచ్ ఆపినంక గూడ వస్తున్నది," అంది మాధవీలత. "పిన్ను గోడల ఉంటె చాలు, స్విచ్ వేసినా ఆపినా ఒక్కటే."

జగదీశ్ నవ్వాడు. "స్విచ్ ఆపితే కరెంటు ఎక్కడికెల్లి వస్తదే, మీ మహేశ్వరం నుంచా?"

ఆ ఒక్క మాటతో తారాబాయికి అంతా తేటతెల్లమైపోయినట్టనిపించింది. ఇప్పటిదాకా అనుమానమే, ఇప్పుడు నిర్ధారణ. స్విచ్ ఆపితే షాకు ఎలా వస్తుంది? అబద్ధం చెప్పేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఎక్కువ చెప్పి దొరికిపోతారు. మహేశ్వరంలో పుట్టిల్లు. పిల్ల పుట్టాక అక్కడే ఉండిపోవాలని దానికి ఉంది. నేరుగా అడగలేక కెటిల్‌ను అడ్డం పెట్టుకుంది.

"నీకు చాయ్ పెట్టబుద్ధి గాకుంటే చెప్పు బిడ్డా. కెటిల్ మీద నింద ఎందుకు?"

మాధవీలత పొడిగుడ్డ ఒకటి తెచ్చి కెటిల్ పిడికి చుట్టింది. తర్వాత పాత మంచం చెక్క ఒకటి లాక్కొచ్చి వంటింటి గడపకు అడ్డంగా నిలబెట్టింది. పూర్ణిమ అప్పుడే పాకుతోంది, ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడాలని చూస్తోంది. ఫ్రిజ్ పిడి అంటే దానికి ప్రాణం.

"ఇదేంది, వంటింటికి గేటు?" అంది తారాబాయి.

"పున్ని ఫ్రిజ్ పట్టుకుంటది. దానికి చెప్పరాదు, చెయ్యి తియ్యరాదు."

"ఇప్పుడు ఫ్రిజ్‌కు గూడ వచ్చిందా నీ జుమ్ము?"

"నమ్మకుంటే మానెయ్. ఆదివారం మా అన్న వస్తడు. పున్నిని తీస్కొని పోత. ఈ వంటింట్ల జుమ్ము పోయినంకనే వస్త."

అనుకున్నదే అయింది అనుకుంది తారాబాయి. అయినా పిల్ల లేని ఇల్లు ఊహించుకోలేకపోయింది.

సాక్ష్యం కోసం పక్కింటికి పోయింది. పక్కింటి శాంతకుమారి భర్త జగన్మోహనరావు బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఆమె తలుపు తీసి, నవ్వి, లోపలికి రమ్మంది. వంటింట్లోకి తొంగి చూస్తే అద్దంలా ఉంది. స్టవ్ ముందు మందపాటి రబ్బరు చాప. ఆమె కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులు. గట్టు మీద ప్లాస్టిక్ కెటిల్. కోస్తావాళ్ళు శుభ్రం ఎక్కువ మనుషులని తారాబాయి అనుకుంది.

"అమ్మా, మీ ఇంట్ల సామాన్లు ముట్టుకుంటె ఏమన్న జుమ్మంటదా?"

శాంతకుమారి కళ్ళు ఒక్క క్షణం చాప మీదికి పోయి వచ్చాయి. "అబ్బే, మాకలాంటిదేమీ లేదండీ తారాబాయి గారూ. మీకేమైనా వస్తోందా?"

"నాకు రాదు. మా కోడలికొస్తదట."

"ఈ కాలం పిల్లలు కదండీ," అంది శాంతకుమారి, ఎటూ తేల్చకుండా. కాఫీ తాగి వెళ్ళమంది. విమానం పోతుంటే ఇద్దరూ ఊరికే ఒకరినొకరు చూసుకున్నారు. శాంతకుమారి ముందుగా చూపు తిప్పుకుంది.

అది తారాబాయి గమనించింది. గమనించి తప్పుగా అర్థం చేసుకుంది. మా ఇంటి గొడవ వినడానికి సిగ్గుపడింది కాబోలు అనుకుంది.

శుక్రవారం వచ్చింది.

ఆ ఇంట్లో దేవుడి గూడు వంటింటి మూలకే. అందుకని వంటింట్లోకి ఎవరూ చెప్పులతో రాకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది తారాబాయే. ఆమెకు మాత్రం మినహాయింపు. షుగరు వచ్చి పాదాలు మొద్దుబారాక, ఉట్టి కాళ్ళతో నడిస్తే పుండు పడుతుందని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి షుగరున్నవాళ్ళు వేసుకునే మెత్తటి రబ్బరు చెప్పులు ఆమె మంచం దిగిన దగ్గర్నుంచి మళ్ళీ మంచమెక్కేదాకా కాళ్ళకే ఉంటాయి. దేవుడికి తన షుగరు సంగతి తెలుసని ఆమె ధీమా. శుక్రవారం దీపం పెట్టేటప్పుడు మాత్రం ఎంత ధీమా ఉన్నా మనసొప్పదు. వాటిని గడప అవతల విడిచి లోపలికి వస్తుంది. మామూలుగా దీపం పెట్టి తిన్నగా బయటికి పోతుంది. గట్టు వైపు రాదు.

ఆ రోజు మాధవీలత పిల్లకు నీళ్ళు పోస్తోంది. తారాబాయే బండలు తడిగుడ్డతో తుడిచింది, దీపం పెట్టింది, దండం పెట్టుకుంది. ముందు గదిలోంచి రాములు కేక వేశాడు.

"ఓయ్, జర చాయ్ పొయ్యరాదు?"

"దేవుని ముంగట గూడ నీ చాయేనా," అని గొణుగుతూ రెండడుగులు వేసి కెటిల్ పట్టుకుంది.

వేళ్ళలోంచి మోచెయ్యి దాకా ఏదో గబుక్కున ఎక్కింది. చెయ్యి దానంతటది విదిలించుకుంది. కెటిల్ గట్టు మీద పొర్లి నీళ్ళు కారాయి. ఆమె గోడకు జారగిలబడి తన అరచేతిని చూసుకుంది, అది వేరేవాళ్ళ చెయ్యి అయినట్టు.

తర్వాత తన ఉట్టి కాళ్ళ వైపు చూసుకుంది. తడి బండ వైపు చూసింది. గడప అవతల ఉన్న చెప్పుల వైపు చూసింది.

కొడుకు బూట్లతో ముట్టుకున్నాడు. తను చెప్పులతో ముట్టుకుంది. ఆ ఇంట్లో ఉట్టికాళ్ళతో, తడి బండ మీద, పొద్దంతా నిలబడే మనిషి ఒక్కతే. ఆ ఒక్కదాన్ని అబద్ధాలకోరని అన్నారు. ఉట్టికాళ్ళతో నిలబడమన్నది తను. నిలబడితే షాకు వచ్చిందంటే నమ్మనిదీ తనే.

తారాబాయి లేచింది. చెప్పులు వేసుకుని కెటిల్ ముట్టింది. ఏమీ లేదు. విడిచి వేలి చివర ఆనించింది. జుమ్మంది. వేలి చివరతోనే ఫ్రిజ్ పిడి ముట్టింది. జుమ్ము. మిక్సీ పక్కనున్న ఇనుప స్క్రూను ముట్టింది. జుమ్ము. కెటిల్ స్విచ్ ఆపి ముట్టింది. కోడలు చెప్పినట్టే, ఆపినా ఉంది. ప్లగ్గును గోడలోంచి పూర్తిగా పీకేసి ముట్టింది. లేదు. మళ్ళీ పెట్టింది. ఉంది.

"మాధవీ!"

కోడలు పిల్లను తువ్వాలలో చుట్టుకుని వచ్చి చెక్క అవతల నిలబడింది.

"ఇది కెటిల్‌ది కాదు బిడ్డా. గోడకెల్లి వస్తున్నది. నువ్వు చెప్పింది నిజమే."

"ఇప్పుడు నీ చేతికి వచ్చింది గాబట్టి నిజమైంది," అంది మాధవీలత. గొంతు పెంచలేదు. "నా చేతికి వచ్చినప్పుడు అబద్ధమే."

"అను. ఇంకా అను. కాని ముందుగాల ఇది ఎక్కడికెల్లి వస్తున్నదో పట్టుకుందాం."

రాములు చాయ్ రాకపోయేసరికి వచ్చాడు. సంగతి విని మీసం దువ్వుకున్నాడు.

"మన బోరు కాడి స్టార్టర్ డబ్బా గిట్లనే జుమ్మంటుండె, యాదికున్నదా? అప్పుడేం జేస్తుంటిమి?"

తారాబాయికి యాదికొచ్చింది. బోరు పక్కన గుంత తీసి, ఇనుప పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చేవాళ్ళు. డబ్బాలోంచి ఒక తీగ ఆ పైపుకు కట్టేవాళ్ళు. ఎండాకాలం గుంత ఎండితే డబ్బా చేతికి కొట్టేది. బిందెడు నీళ్ళు ఆ గుంతలో పోస్తే ఊరుకునేది. పొలానికి నీళ్ళు పెట్టే ముందు గుంతకు నీళ్ళు పెట్టడం వాళ్ళకు అలవాటు.

"ఇంటికి గూడ ఉండాలె గద గసొంటిది?"

"ఉన్నది గదనే. పూలకుండీ పక్కపొంటి సిమెంటు మూత. దుర్గేష్ సార్ గృహప్రవేశం నాడు చూపించె, 'ఇది ఎర్తింగు గుంత బాపు, దీన్ని ముట్టొద్దు' అనె."

ముట్టొద్దన్నాడు. ఆ మాట విన్నాక ముట్టకుండా ఉండడం తారాబాయి వల్ల అయ్యే పని కాదు. అయినా ముందు అలవాటు ప్రకారం బిందె నిండా నీళ్ళు తెచ్చి మూత సందుల్లోంచి పోసింది. లోపలికి పోయి వేలు ఆనించింది. జుమ్ము అలాగే ఉంది. అప్పుడు మెయిన్ ఆపించి, రాములు చేత గడ్డపార తెప్పించింది.

మూత లేచింది. మోకాలు లోతు గుంత. అందులో పైపు లేదు. ఉప్పు లేదు, బొగ్గు లేదు. పగిలిన టైల్సు, గుట్కా పొట్లాలు, ఒక ఖాళీ సిమెంటు సంచి. గోడలోంచి వచ్చిన పచ్చ వైరు ఆ సంచి మీద చుట్ట చుట్టుకుని పడి ఉంది. దాని చివర మట్టికి కూడా తగల్లేదు. ఇంట్లో ఏ సామాను నుంచి కరెంటు కొంచెం కారినా ఆ వైరు పట్టుకుని భూమిలోకి పోవాలి. పోయే దారి లేక, అదే వైరు వెంట అన్ని సామాన్ల ఒంటి మీదికీ పాకి, ఎవరు ఉట్టికాళ్ళతో ముట్టుకుంటే వాళ్ళలోంచి దిగిపోతోంది. వైరు చేయాల్సిన పని మాధవీలత ఒళ్ళు చేసింది ఇన్నాళ్ళూ.

"మన భూమి తీస్కున్నడు," అన్నాడు రాములు నెమ్మదిగా. "మన ఇంటి వైరును ఆ భూమిల పెట్టనీకె వానికి చేతులు రాలేదు."

తారాబాయి తిన్నగా పక్కింటికి పోయింది. ఈసారి కాఫీ కోసం కాదు.

"శాంతమ్మా, చాప మీదికెల్లి దిగు. చెప్పులిడువు. నీ ఫ్రిజ్ ముట్టు."

శాంతకుమారి మొహం తెల్లబోయింది. లోపల పేపరు చదువుతున్న జగన్మోహనరావు పేపరు దించాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ముట్టుకోనండీ," అంది ఆమె చివరికి. "వస్తుంది. మేం దిగిన నెలలోనే తెలిసింది. అందుకే ఈ చాప, ఈ కెటిల్. మావారు ఇల్లు అమ్ముదామనుకుంటున్నారు. గోడల్లో కరెంటు ఉందని మాట బయటికి పొక్కితే ఎవరు కొంటారు చెప్పండి? అటు వైపు రేవతి గారు చెక్క పీట వేసుకుని నిలబడి వండుతారు. అందరం ఏదో ఒకటి సర్దుకున్నాం."

"సర్దుకున్నరు. మరి మీ ఇంట్ల బోళ్ళు తోమే ఆమె?"

సింకు దగ్గర చాప లేదు. బోళ్ళు తోమే ఆమెకు చెప్పులూ లేవు, వంటింట్లో వేసుకోనివ్వరు కూడా.

"నేనడిగిన్నాడు 'లేదు' అంటివి. నీ మాట పట్టుకొని ఇంటికి పోయి కోడల్ని ఇంకో రెండు మాటలన్న. ఆదివారం పిల్లను తీస్కొని పోతున్నది. ఇల్లు అమ్ముకునేటందుకు నా మనవరాలి పాణం అడ్డం పెట్టిండ్రమ్మా మీరు?"

"అలా అనకండి తారాబాయి గారూ!" ఆమె కళ్ళు తడయ్యాయి.

"అంట. ఏడుపు తర్వాత. ముందు నీ గుంత మూత తియ్యి."

శాంతకుమారి భర్త వైపు చూసింది. పేపరు కదల్లేదు. ఆమె చీర చెంగు దోపుకుని తనే బయటికి వచ్చింది. రాములు గడ్డపార వేశాడు. కంకర, కొబ్బరి చిప్పలు. రేవతి గుంతలో ఇసుక. ఆ పక్క ఇంట్లో మూత కింద గుంతే లేదు, నేల మీద మూత పెట్టి సిమెంటు పూశారు. మధ్యాహ్నానికి వరస మొత్తం మూతలు తెరుచుకుని పడి ఉన్నాయి. ఇళ్ళల్లో మెయిన్లు ఆపేశారు. ఇన్నాళ్ళూ ఎవరి చాప వాళ్ళు, ఎవరి పీట వాళ్ళు దాచుకున్న ఆడవాళ్ళు రోడ్డు మీదికి వచ్చి, ఎవరికి ఎక్కడ ఎంత కొట్టిందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఒకామె తలస్నానం చేస్తుంటే గీజరు కుళాయి కొట్టిందని చెప్పింది. ఆ మాట తన భర్తకు కూడా ఎన్నడూ చెప్పలేదట.

సాయంత్రం కాకముందే దుర్గేష్ వచ్చాడు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. తెల్ల చొక్కా, నిగనిగలాడే బూట్లు. వెనక వ్యాన్‌లో డబ్బాలు.

"అమ్మా తారాబాయమ్మా, చిన్న విషయానికి ఇంత లొల్లి ఎందుకమ్మా? నాకొక్క ఫోన్ కొడితే అయిపోతుండె కదా. ఇగో చూడు, ఇంటికో కెటిల్ తెచ్చిన. మంచి కంపెనీది, నా తరఫున గిఫ్టు. షాకు అన్న మాటే ఉండదు. ఇంటికో రబ్బరు మ్యాటు గూడ."

డబ్బా విప్పి చూపించాడు. ప్లాస్టిక్ తొడుగు కెటిల్. నీలం రంగు, ముద్దుగా ఉంది. ఆడవాళ్ళలో ఇద్దరు ముగ్గురు చెయ్యి చాపబోయారు. శాంతకుమారి కూడా చూసింది. నిజానికి అది మంచి కెటిలే. చెయ్యి దూరే మూతి, పొడవాటి వైరు, నీళ్ళు మరగ్గానే ఆగిపోయే స్విచ్. వంటింటికి ఏం కావాలో అన్నీ ఉన్నాయి అందులో. మామూలు రోజైతే తారాబాయి దాన్నే ఏరుకునేది.

"వద్దు," అంది.

"ఎందుకమ్మా? ఉట్టిగనే ఇస్తున్న గదా."

"గందుకే వద్దు. స్టీలుది ముట్టుకుంటే కొట్టింది గనుక మాకు తెలిసింది, నీ గోడల ఏమున్నదో. నీది పెట్టుకుంటే మా నోర్లు మూసుకపోతయ్. ఫ్రిజ్‌కు తొడుగు వేస్తవా? గీజరుకు వేస్తవా? నా మనవరాలికి పొద్దుగాల లేవంగనే రబ్బరు తొడుగు తొడుగుతవా?"

"కరెంటు షాకు గాదమ్మా అది, ఉట్టి తిమ్మిరి. నేను ముట్టి చూపిస్త, రాండ్రి."

"ఆ బూట్లిడిసి ముట్టు," అంది వెనకనుంచి మాధవీలత. పిల్ల సంకలో ఉంది. ఆమె గొంతు అందరికీ వినబడింది. "తడి బండ మీద నిలబడి ముట్టు. నేను రోజు ముట్టినట్టు."

దుర్గేష్ నవ్వబోయాడు. బూట్లు మాత్రం విప్పలేదు. కాలనీ మొత్తం ఆ బూట్ల వైపే చూసింది. జగన్మోహనరావు కూడా గేటు దాకా వచ్చి చూశాడు.

"సరే, సరే. సోమవారం మనిషిని పంపిస్త. చూసి, ఎస్టిమేటు వేసి, ఒక్కొక్క ఇల్లు..."

విమానం ఒకటి తక్కువ ఎత్తులో దాటింది. అందరూ ఆగారు. అది పోయేదాకా తారాబాయి అతని మొహం మీద నుంచి చూపు తీయలేదు. కాలనీ వెనక, కొత్త ప్లాట్ల కోసం చేను చదును చేస్తున్న అతని జేసీబీ రొద మళ్ళీ వినబడింది.

"సోమవారం లేదు, ఎస్టిమేటు లేదు," అంది. "ఈ డబ్బాలన్ని వ్యాన్ల తిరిగి ఎక్కించు. ఆ కొత్త ప్లాట్లు ఆపు. ఆ జేసీబీని ఇటు తిప్పు, ఇప్పుడే. ప్రతి ఇంటి ముంగట గుంత తవ్వు, మా ఇల్లొక్కటే గాదు, వరస మొత్తం, ఆ అమ్ముకుందామనుకునే ఇంటి ముంగట గూడ. పైపు దించు, ఉప్పు పొయ్యి, బొగ్గు పొయ్యి, మేం చూస్తుండంగ వైరు కట్టు. నువ్వు అమ్మబోయే కొత్త ఇండ్లకు గూడ, కట్టకముందే. పైపు భూమిల దిగేదాక ఈ గేటు దాటి నీ బండి పోదు. ఫోన్ తియ్యి దుర్గేష్. జేసీబీ డ్రైవర్‌కు కొట్టు."